చదువు వేళ పక్కన ఎవరున్నారు?



రాజోలు, అమలాపురం ప్రాంతాల మన విచారణల్లో తల్లి గల్ఫ్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలెందరో ఉన్నారు. ఆ తల్లి పంపే సొమ్ము ఫీజు కడుతుంది గాని, బిడ్డ పక్కన కూర్చోలేదు.

బాలయేసు పన్నెండవ యేట దేవాలయంలో బోధకుల నడుమ కూర్చుని విన్నాడు, ప్రశ్నలడిగాడు. పిమ్మట నజరేతుకు వెళ్లి, తల్లిదండ్రులకు విధేయుడై ఎదిగాడు.

కనుక రోజూ రాత్రి 7 నుండి 8.30 వరకు చదువు వేళగా పెట్టండి. చిన్న ప్రార్థనతో మొదలుపెట్టించండి. టీవీ, సెల్‌ఫోను కట్టేయండి; పెద్దలవి కూడా. చదువురాని అమ్మమ్మ జపమాల పట్టుకుని పక్కన కూర్చున్నా చాలు.

కువైట్‌లో ఉన్న తల్లీ, అక్కడ 6 గంటలకు ఫోను చెయ్యమ్మా, ఇక్కడ 8.30 అవుతుంది. మార్కుల మాట తరువాత, ముందు "ఈవేళ ఏం నేర్చుకున్నావు?" అని అడుగు.

మార్కులు తగ్గిన బిడ్డను కొట్టకండి. విద్యార్థుల పాలక పునీతులైన కుపెర్తీనో జోజప్పగారు (1603-1663) కూడా చదువులో ఎంతో కష్టపడినవారే.