తేదీలే కాలమ్స్ అయినప్పుడు

ప్రశ్న: మా కాలేజీ హాజరు పట్టికను పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చేస్తున్నాను. నెల మారితే తేదీల కాలమ్స్ మారాలి. ఎవరైనా ఒకరోజు రాకపోతే ఆ వరుసలో గడులు ఎడమకు జరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ప్రతి వరుసనూ ఆ విద్యార్థికి దొరికిన రికార్డుల నుంచే గీస్తున్నట్టున్నారు. రికార్డు లేని రోజుకు గడి పడదు కాబట్టి తర్వాతివన్నీ జరుగుతాయి. శీర్షికకూ, వరుసలకూ ఆధారం ఒకే తేదీల జాబితా కావాలి.

ముందు ఆ నెలలో తరగతులు జరిగిన తేదీలను డిస్టింక్ట్‌తో, వరుసక్రమంలో తెచ్చుకోండి. మరో క్వెరీతో విద్యార్థి సంఖ్య, తేదీ, హాజరు తెచ్చి, మొదటి రెండింటినీ కీస్‌గా పెట్టి రెండంచెల అర్రేలో నింపండి. ఇక ప్రతి విద్యార్థికీ తేదీల జాబితా మీదే లూప్ తిప్పండి. విలువ లేనిచోట గీత పెట్టండి. విద్యార్థుల పేర్లు మాత్రం వాళ్ల టేబుల్ నుంచే తీసుకోండి, లేకపోతే నెలంతా రానివారు పట్టికలోంచే మాయమవుతారు.

వరుసలను కాలమ్స్‌గా తిప్పే పివట్ ఆదేశం మైఎస్‌క్యూఎల్‌లో లేదు. గ్రూప్ కన్‌క్యాట్‌తో క్వెరీని అల్లే పద్ధతి ఉంది కానీ, దాని ఫలితం డిఫాల్ట్‌గా 1024 బైట్ల దగ్గర తెగిపోతుంది. నెల రోజుల కాలమ్స్‌కు అది చాలదు. మీ అవసరానికి కోడ్‌లో చేయడమే నయం.

పేర్లను ముద్రించేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్‌ను తప్పక వాడండి.