గోపన్‌పల్లి నవోదయ విద్యాలయము: ప్రవేశ నియమములు, వసతి జీవనము

ఒక పాఠశాల స్వభావమును తెలిసికొనగోరువారు ముందుగా దాని ప్రవేశ నియమములను పరిశీలింపవలెను. ఎవరిని లోనికి రానిచ్చుచున్నది, ఏ కారణముచే రానిచ్చుచున్నది యను విషయము తెలిసినచో ఆ పాఠశాల యుద్దేశము చాలవరకు బోధపడును. బాలురును బాలికలును కలిసి చదువుకొనుచు అచ్చటనే నివసించు విద్యాలయముల విషయమున ఈ పరిశీలన మరింత యవసరము. ఏలయన, అట్టిచోట ప్రవేశము పొందుటయనగా పది పదునొకండేండ్ల బిడ్డ తల్లిదండ్రుల యింటిని విడుచుటయే. శేరిలింగంపల్లి మండలమునందలి గోపన్‌పల్లిలో అట్టి విద్యాలయ మొకటి కలదు. అది రంగారెడ్డి జిల్లాకు చెందిన జవహర్ నవోదయ విద్యాలయము. దాని నియమములను, జీవన పద్ధతిని మా చదువరులకు వివరింపబూనితిమి.

ఈ విద్యాలయముల పుట్టుకతో తెలుగువారికి దగ్గర సంబంధము కలదు. 1971లో శ్రీ పి. వి. నరసింహారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల స్థాపింపబడెను. గ్రామములందలి తెలివిగల బీదపిల్లలను ఎంచి, భోజన వసతులిచ్చి చదివించుట దాని పద్ధతి. 1985లో ఆయన కేంద్రమున మానవవనరుల అభివృద్ధి శాఖకు మంత్రియయ్యెను. 1985-86లో హర్యానాలోని ఝజ్జరునందును, మహారాష్ట్రలోని అమరావతియందును రెండు నవోదయ విద్యాలయములు ప్రయోగముగా తెరువబడెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము వీనిని దేశమంతట వ్యాపింపజేసెను. సర్వేలు పాఠశాల బాలురకొరకు ఏర్పడినది; నవోదయ విద్యాలయములందు బాలబాలికలు కలిసి చదువుదురు.

గోపన్‌పల్లి విద్యాలయమునకు ఒక విశేషము కలదు. గ్రామీణ బాలలకొరకు ఏర్పడిన ఈ బడి చుట్టును మహానగరము పెరిగినది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఈ సమీపముననే కలదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పొలములు పోయి మేడలు లేచెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలకసంఘము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యెను. ఇంత మారినను విద్యాలయ ప్రవేశ నియమము మారలేదు. కావున నేడు దాని గోడప్రక్కన నివసించు పిల్లవానికంటె, ఏబది మైళ్లదూరపు పల్లెలోని పిల్లవానికి లోనికి వచ్చు త్రోవ విశాలముగా నున్నది. ఇది యెట్లో చూతము.

ఆరవ తరగతిలో సాధారణముగా 80 మందిని చేర్చుకొందురు. ఇందు నూటికి 75 వంతులు, అనగా 60 స్థానములు, గ్రామీణ విద్యార్థులకు కేటాయింపబడినవి. మిగిలిన 20 స్థానములు ప్రతిభను బట్టి ఎవరికైనను దక్కవచ్చును. మొత్తములో మూడవవంతు తక్కువగాకుండ బాలికలకు ఈయవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు, ఇతర వెనుకబడిన తరగతులకు, వికలాంగులకు ప్రత్యేక స్థానములు కలవు. దరఖాస్తుకు రుసుము లేదు. విద్యార్థి ఆ జిల్లాలోనే ఐదవ తరగతి చదువుచుండవలెను. ఒక్కసారి పరీక్ష వ్రాసినవారు మరల వ్రాయుటకు వీలులేదు.

గ్రామీణుడనగా ఎవరు? పుట్టిన ఊరుగాని, తాతలనాటి యిల్లుగాని ఇచ్చట లెక్కకు రాదు. మూడు, నాలుగు, ఐదు తరగతులను పూర్తిగా గ్రామప్రాంతపు బడిలో చదివినవారే గ్రామీణులు. ఆ మూడేండ్లలో ఒక్కదినము పట్టణపు బడిలో చదివినను పట్టణ విద్యార్థిగనే యెంచుదురు. దీని ఫలితమును ఒక ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. చేవెళ్ల ప్రాంతపు రైతు ఒకడు, బిడ్డకు మంచి చదువు చెప్పింపవలెనని నాలుగవ తరగతిలో నగరపు బడికి పంపెననుకొందము. ఐదవ తరగతిలో నవోదయమును గూర్చి విని దరఖాస్తు పెట్టునప్పటికి, ఆ బిడ్డకు 60 స్థానముల హక్కు పోయి 20 స్థానములే మిగులును. తండ్రి మేలుకోరి చేసిన పనియే అడ్డము వచ్చును. అట్లే, పనికై పల్లెవిడిచి వచ్చి గచ్చిబౌలి మేడల నిర్మాణమున కూలిచేయువాని బిడ్డ ఎంత బీదయైనను, నగరపు బడిలో చదివినచో పట్టణ విద్యార్థియే. నియమము బీదరికమును గాక బడియున్న చోటును కొలుచుచున్నది. పల్లెబడుల వెనుకబాటును సవరించుటకు ఇది యేర్పడెను గాన దానిని తప్పుపట్టజాలము. కాని ఇట్టి కూలిబిడ్డల సంగతియు పాలకులు ఆలోచింపదగినది.

ఇక ప్రవేశ పరీక్ష. కాలము రెండు గంటలు, ప్రశ్నలు 80, మార్కులు 100. బొమ్మలలోని పోలికలను, భేదములను, క్రమమును కనిపెట్టు మానసిక సామర్థ్యమునకు 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంకగణితమునకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకును అంతియే; ఇందు గద్యభాగములను చదివి జవాబు గుర్తింపవలెను. తెలుగులోనే వ్రాయవచ్చును. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు. సగము మార్కులు బొమ్మల ప్రశ్నలకే యుండుటవలన, కంఠస్థము చేసిన బాలునికంటె నిదానముగా చూచి ఆలోచించు బాలునికి మేలు కలుగును. తెలుగు పుస్తకమును దినమునకొక పుటయైనను అర్థముతో చదువు అలవాటు భాషాభాగమునకు చాలినంత సాధన.

చేరినవారికి భోజనము, వసతి, దుస్తులు, పుస్తకములు ఉచితము. తొమ్మిదవ తరగతినుండి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాసనిధి కలదు గాని, బాలికలకును, షెడ్యూల్డు కులముల తెగలవారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికిని అది లేదు. విద్యార్థులను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి యను నాలుగు గృహములుగా విభజింతురు. ఆటలలోను, వక్తృత్వములోను ఈ గృహములు పోటీపడును. ఉదయమున వ్యాయామము, ప్రార్థనా సమావేశము, తరగతులు; సాయంకాలమున ఆటలు; రాత్రి ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చదువు. బాలురకు, బాలికలకు నిదురించు భవనములు వేరు. తరగతి, భోజనశాల, ఆటస్థలము ఉమ్మడి. ఒకే బల్లవద్ద లెక్కచేసి, ఒకే పంక్తిలో కూర్చుండి తినిన బాలబాలికలు ఒకరినొకరు తోటివారిగా గౌరవించుట నేర్తురు. సహవిద్యవలని ముఖ్యప్రయోజన మిదియే.

తొమ్మిదవ తరగతిలో మరియొక పరీక్ష వంటిది కలదు. నూటికి 30 మంది విద్యార్థులను ఒక సంవత్సరము హిందీ మాటలాడు ప్రాంతపు విద్యాలయమునకు పంపి, అచ్చటివారిని ఇచ్చటికి రప్పింతురు. గోంగూర పచ్చడి యెరిగిన బాలుడు రొట్టెల నాట నొక యేడు గడపి వచ్చును. పరభాషను పుస్తకమున చదువుటకును, ఆకలివేసినప్పుడు ఆ భాషలో అడిగి తినుటకును గల భేదము అప్పుడు తెలియును.

అట్లని వసతి విద్య ప్రతి బిడ్డకును తగునని మేము చెప్పము. ఇంటినుండి పోయివచ్చు బడిలో బిడ్డ సాయంకాలమునకు తల్లిచెంత చేరును. అవమానము కలిగినను జ్వరము వచ్చినను ఆ రాత్రియే చెప్పుకొనును. వసతిబడిలో ఆ మాట వినువారు ఉపాధ్యాయులును, తోటిపిల్లలునే. కావున పంపదలచినవారు బిడ్డ యిష్టమును ముందే అడుగవలెను. బట్టలుతుకుకొనుట, పక్క చుట్టుకొనుట, నొప్పియున్నచో పెద్దలతో జంకక చెప్పుట, ఈ మూడును ఇంటివద్దనే నేర్పి పంపినచో మొదటి నెల యేడుపు సగము తగ్గును. స్థానము దొరకని పిల్లలను నిందింపరాదు. 80 స్థానముల బడిలో చోటు లేకపోవుట తెలివి లేకపోవుటకు గుర్తు కాదు.

తెలంగాణలో చిరకాలము 9 నవోదయ విద్యాలయములే యుండెను. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము దేశమున 28 క్రొత్తవానికి అనుమతి నీయగా, అందు 7 తెలంగాణకు వచ్చెను. స్థానములు పెరుగుట సంతోషమే గాని, నియమము తెలియనివారికి వానివలన లాభము లేదు. పల్లెబడుల ఉపాధ్యాయులు ఈ సంగతిని ఐదవ తరగతిలో చెప్పిన ఆలస్యమగును. రెండవ తరగతి ముగియునప్పుడే తల్లిదండ్రులను పిలిచి చెప్పవలెను. మా చదువరులలో పల్లెయందు చెల్లెండ్రు, తమ్ములు గలవారు పెక్కురు కలరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ యొక్క నియమమును అమ్మనాన్నలకు వివరించి చెప్పుడు. ఒక బిడ్డ చదువు త్రోవ మారుటకు అంతమాత్రమే చాలవచ్చును.