విటమిన్ డి మందు: వారానికి ఒక్కటే

మోకాళ్ళ నొప్పులనీ, నడుము నొప్పి అనీ వచ్చేవారిలో చాలామందికి ఈ రోజుల్లో విటమిన్ డి మందు రాస్తున్నారు. మందు మంచిదే. అయితే చీటీలో "వారానికి ఒకటి" అని ఉన్న మాట ఇంటికి వెళ్ళేసరికి కొందరి దగ్గర "రోజుకొకటి" అయిపోతున్నది. ముఖ్యంగా దాని కోసమే ఈ నెల పాఠం రాస్తున్నాము.

వారానికొకసారి వాడే గుళికలో గానీ, పాలల్లో కలుపుకొనే పొడి ప్యాకెట్టులో గానీ సాధారణంగా 60,000 యూనిట్లు ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసినది 600 యూనిట్లు. అంటే ఒక్క గుళిక వంద రోజుల సరుకన్నమాట! లోపం ఉన్నవారికి ఆ వెలితి త్వరగా తీరాలని డాక్టరుగారు వారానికొకటి చొప్పున ఆరు లేక ఎనిమిది వారాలు రాస్తారు. తరువాత ఆపివేస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనుక్కోవద్దు.

బి-కాంప్లెక్సు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు. ఒంట్లోని కొవ్వులో నిలవ ఉండిపోతుంది. రోజూ మింగుతూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, ఆకలి లేకపోవడం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికి మూత్రం వస్తాయి. పెద్దవయసువారు మతి తప్పినట్లు మాట్లాడతారు. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. ఇంట్లోవారేమో గ్యాసనీ, సుగరనీ, వయసనీ అనుకొంటారు. మందు మానినా ఆ నిలవ తరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇటువంటి లక్షణాలుంటే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. ఖాళీ అట్టలు పారవేయకుండా తీసుకురండి, ఎన్ని మింగారో వాటిని చూస్తే తెలుస్తుంది.

వేరేచోట ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను చేయించుకొని ఉంటే ఆ సంగతి దాచవద్దు. కాల్షియం బిళ్ళల్లో కూడా చాలావాటిలో డి కలిసి ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు, టి.బి. ఉన్నవారు, గుండెకు డిగాక్సిన్ వాడేవారు ముందే చెప్పాలి.

"మన గోదావరి ఎండల్లో డి తక్కువేమిటండీ?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ గారి బృందం 2007, 2008లో ప్రచురించిన పరిశీలనల్లో పట్నంవారితోపాటు పల్లెవారిలోనూ డి తక్కువగానే కనిపించింది. పొలం పనివారు కొంత మెరుగు. తిండిలో కాల్షియం ఇద్దరికీ తక్కువే. చర్మం డి బాగా తయారుచేసేది పగలు 11 నుండి 2 గంటల మధ్య ఎండలోనని కూడా ఆ బృందమే చూపింది. కాబట్టి తెల్లవారుజాము నడక ఒంటికి మంచిదే గాని డి కోసం సరిపోదు. ఊడ్పులకు వెళ్ళే ఆడవారు నిండు చేతుల చొక్కా, తలగుడ్డతో ఉంటారు, చర్మానికి ఎండ తగిలేది ఎంత? చలికాలంలో డాబా మీద పది పదిహేను నిమిషాలు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనివ్వండి. మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, వడదెబ్బ తగులుతుంది. కొవ్వున్న చేపల్లో కొంత డి ఉంటుంది. పులస ధర సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు!

రక్తపరీక్షలో 20 నానోగ్రాములకు తక్కువైతే లోపమంటారు. 100 దాటితే మందు ఎక్కువైనట్లు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ ఈ పరీక్ష అవసరం లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. ఖర్చైన పరీక్ష, డాక్టరుగారు రాస్తేనే చేయించుకోండి.

పసిబిడ్డలకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేస్తాము. కొన్ని సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 400, కొన్నింటిలో 800 ఉంటాయి. సీసా మారితే కొలతా మారుతుంది. ఆ సీసాతో వచ్చిన డ్రాపరుతోనే వేయండి, చెంచాతో కాదు. పెద్దవారు వారానికొకటి తాగే 60,000 యూనిట్ల చిన్న సీసాలు పిల్లల మందు పక్కన పెట్టవద్దు.

గుళిక భోజనం తరువాత వేసుకొంటే బాగా ఒంటబడుతుంది. వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆదివారం గుడి నుండి వచ్చి అన్నం తిన్నాక అయితే మరచిపోరు. ఒకవేళ మరచిపోతే సోమవారం వేసుకోండి, పై ఆదివారం రెండు వేసుకోవద్దు. చదువురాని పెద్దవారుంటే, మందు తీసుకొన్న రోజే అట్టను నర్సు దగ్గరకు తెండి. ఒక్కొక్క గుళిక వెనుక దానికి చెందిన ఆదివారం తారీకు పెన్నుతో వేసి ఇస్తాము.