ఖర్చులేని విజ్ఞానపాఠములు

విజ్ఞానశాస్త్రము గొప్ప పట్టణములందును, గాజుపరికరములతో నిండిన ప్రయోగశాలలందును మాత్రమే యుండుననియు, దానిని నేర్వఁగోరువారు ధనమును వెంటఁగొని పోవలెననియు పలువురు తలంచుచున్నారు. ఈ తలంపువలన మన బాలబాలికలకు కలుగుచున్న నష్టము సామాన్యమైనది కాదు. "మేము చదువుకొననివారము. పిల్లవానికి శాస్త్రము మేమేమి చెప్పఁగలము?" అని కొందఱు తల్లిదండ్రులు మాతో ననుచుందురు. ఆ మాట విన్నప్పుడెల్ల మాకు విచారము కలుగును. ఏలయన, తండ్రికి తెలిసినదానిని తెలివిగా నెంచని పిల్లవాఁడు పుస్తకములోని తెలివిని సైతము పరీక్షవఱకే యుంచుకొనును. కావున కుటుంబమంతయుఁ గూడి, పైకము వెచ్చింపక చేయఁదగిన మూఁడు పనులను ఇచ్చట వివరించెదము.

1. నీడలేని మధ్యాహ్నము

ప్రతి మధ్యాహ్నమును సూర్యుఁడు సరిగా నడినెత్తికి వచ్చునని మనము వాడుకగా ననుకొందుము. శ్రద్ధతోఁ జూచినచో నట్లు కాదు. భూమి యిరుసు సుమారు 23½ డిగ్రీలు వంగియుండుటచే సూర్యుఁడు ఆఱునెలలు ఉత్తరమునకును, ఆఱునెలలు దక్షిణమునకును జరుగుచున్నట్లు కనఁబడును. కర్కట మకర రేఖల నడుమనున్న ఊరికి ఏఁటికి రెండు దినములు మాత్రమే సూర్యుఁడు సరిగా నడినెత్తిని నిలుచును. అప్పుడు నిలువుకఱ్ఱకు నీడ కనఁబడదు. హైదరాబాదులో ఇవి యించుమించుగా మే 9, ఆగస్టు 3 తేదీలు. గుంటూరు, విజయవాడ ప్రాంతములందు మే మొదటివారమునను, ఆగస్టు మొదటి పదిదినములలోను వచ్చును.

చేయవలసిన పని సులభము. చదునైన నేలపై ఒక మీటరు కఱ్ఱను నిలువుఁడు. దారమునకు రాయి కట్టి వ్రేలాడఁదీసి, కఱ్ఱ నిటారుగా నున్నదో లేదో చూడుఁడు. తాపీపని చేయు తండ్రి యీ పనిలో ఉపాధ్యాయులకంటె సమర్థుఁడు. పదునొకండున్నర మొదలు ఒంటిగంటవఱకు అయిదు నిమిషముల కొకసారి నీడకొనయొద్ద గుర్తు పెట్టుఁడు. నీడ లేకుండుట సరిగా పండ్రెండు గంటలకే జరుగకున్న నాశ్చర్యపడవలదు. మన దేశపు గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచుచున్నవి. ఆ రేఖ కాకినాడకు సమీపమునఁ బోవును. దానికి నాలుగు డిగ్రీలు పడమరనున్న హైదరాబాదులో సూర్యుఁడు కొంత యాలస్యముగా నడుమకు వచ్చును. సూర్యుని వంకకు మాత్రము ఎన్నఁడును నేరుగాఁ జూడరాదు. నేలమీఁది నీడనే చూడవలెను.

నెల్లూరిలో మేనమామ యున్నయెడల పని యింకను రసవంతమగును. హైదరాబాదులో నీడ మాయమైన దినముననే నెల్లూరి మధ్యాహ్నమున మీటరు కఱ్ఱకు సుమారు 5 సెంటీమీటర్ల నీడ దక్షిణమునకుఁ బడును. అనఁగా సూర్యకిరణములు అచ్చట నిలువుకఱ్ఱకు సుమారు 3 డిగ్రీలు వాలియున్నవి. రెండు పట్టణముల నడుమ ఉత్తరదక్షిణముల దూరము సుమారు 325 కిలోమీటర్లు. 3 డిగ్రీలు వృత్తములో 120వ పాలు కావున, 325ను 120చే గుణించిన 39,000 వచ్చును. భూమి చుట్టుకొలత నిజముగా సుమారు 40,000 కిలోమీటర్లు. సుమారు 2,200 సంవత్సరములకు పూర్వము ఎరటోస్తనీసు ఈ యుపాయముననే ఐగుప్తు దేశమునుండి భూమిని కొలిచెను. ఒక కఱ్ఱతో, ఒక బంధువుతో భూగోళము కొలఁత కందుట చిన్న సంగతియా?

2. పక్షుల లెక్క

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మాసమున నాలుగు దినములు లోకమంతట జనులు తమ పెరళ్లలోను, చెఱువుగట్లమీఁదను పక్షులను లెక్కింతురు. ఈ గణనము 1998లో అమెరికాలో ఆరంభమై, 2013 నుండి మన దేశమందును జరుగుచున్నది. ఇందుఁ జేరుటకు రుసుము లేదు. ఒకచోట పదునైదు నిమిషములకు తక్కువగాక నిలిచి, కనఁబడిన పక్షుల పేరును సంఖ్యను వ్రాసికొని, పిదప ఫోనుద్వారా ఈబర్డ్ అను పట్టికలోఁ జేర్పవలెను. ఇంట ఒక్క ఫోనున్నఁ జాలును. గోరువంక, పికిలిపిట్ట, లకుముకిపిట్ట, జెముడుకాకి, కొంగ—ఈ పేరులు పిల్లలకంటె అవ్వలకే బాగుగాఁ దెలియును. గుర్తింపరాని పక్షిని ఊహించి వ్రాయరాదు. దాని రంగును, ముక్కును, నడకను వర్ణించి యుంచుటయే శాస్త్రీయమైన పద్ధతి.

ఈ లెక్కవలన ప్రయోజనమేమి యందురా? వేలకొలఁది సామాన్యులు వ్రాసిన యిట్టి పట్టికల యాధారముననే 2023లో మన దేశపు పక్షుల స్థితినిగూర్చిన నివేదిక వెలువడెను. 942 జాతులను పరిశీలించి, వానిలో 178 జాతులను మిక్కిలి శ్రద్ధతోఁ గాపాడవలెనని అది తెలిపెను. దసరానాఁడు మనము శుభమని వెదకి చూచు పాలపిట్ట సైతము తగ్గుచున్నదని అందువలననే తెలియవచ్చెను. మన పొలమున నున్న పాలపిట్టను మనము లెక్కింపకున్న మఱెవ్వరు లెక్కింతురు?

3. తలుపులు తెఱచు దినము

ఫిబ్రవరి 28వ తేదీ జాతీయ విజ్ఞానదినము. 1928లో ఆ దినమున చంద్రశేఖర వేంకట రామనుగారు తమ పేరుతో ప్రసిద్ధమైన కాంతిఫలితమును ప్రకటించిరి. 1930లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1987 నుండి దేశమంతట ఈ దినమును జరుపుచున్నారు. రామనుగారు బాల్యమున విశాఖపట్టణమునందు సెంటు అలోషియస్ పాఠశాలలోఁ జదివిరనుట మిషను పాఠశాలల విద్యార్థులకు సంతోషకరమైన విషయము. ఈ దినమును పురస్కరించుకొని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వంటి ప్రభుత్వ పరిశోధనాలయములు విద్యార్థులను లోనికి రానిచ్చి, తమ పనిని చూపుచుండును. పోవువారు ముందుగా నుత్తరము వ్రాసి వేళలు తెలిసికొనవలెను. ప్రతి విద్యార్థియు ఒక్క ప్రశ్ననైనను వ్రాసికొని పోవలెను. ప్రశ్న లేక పోయినవాఁడు తిరునాళ్లకుఁ బోయినవానివలె రంగులు చూచి తిరిగివచ్చును.

తల్లిదండ్రులకు ఒక మాట

చదువు లేనివారు శాస్త్రమున కుపకరింపరనువారు కలివికోడి చరిత్రమును వినవలెను. రాత్రివేళ పొదలలో సంచరించు ఈ పక్షిని 1848లో జెర్డన్ అను వైద్యుఁడు లోకమునకుఁ దెలిపెను. 1900 తరువాత అది పండితుల కంటఁబడలేదు. నశించినదనియే వారు తలంచిరి. కాని 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల దొరకెను. దానిని దొరకించినది గొప్ప యంత్రము గాదు. ఆ పొదల జాడలెఱిఁగిన గ్రామవాసుల తెలివి పండితుని యన్వేషణకు తోడయ్యెను. పండితులు పోయినదనుకొన్న పక్షికి ఆ పల్లెలలో పేరు నిలిచియే యుండెను. తల్లిదండ్రులారా, మీ పిల్లవాఁడు చెట్టుపేరో, చేఁపపేరో, మబ్బుగుఱుతో అడిగినప్పుడు "మాకేమి తెలియును" అనకుఁడు. మీరెఱిఁగినది చెప్పుఁడు. పిల్లవాఁడు దానిని వ్రాసి, పరీక్షించి, సరిచూచుకొనును. శాస్త్రమనఁగా నదియే.

అభ్యాసము

1. మీ యూరి నీడలేని దినములను కనుఁగొని, ఇంటివారితోఁగూడి కఱ్ఱనీడను గుర్తింపుఁడు.

2. ఇంటిలోని పెద్దలనడిగి ఇరువది పక్షుల తెలుఁగుపేరులు వ్రాయుఁడు. వానిలో మీరు చూచినవెన్ని?

3. పెద్దల చిన్నతనమున విరివిగానుండి, ఇప్పుడు మీ యూర కనఁబడని ప్రాణి యొకటి యేది? ఎందుచేతఁ బోయినదని వారు చెప్పుదురు?

మూఁడవ ప్రశ్నకు వచ్చిన యుత్తరములను తరగతిలో నందఱి యెదుటను చదివింపఁదలఁచితిమి. వ్రాసినవారి పేరుతోఁబాటు, చెప్పిన పెద్దల పేరునుగూడఁ దప్పక వ్రాయవలెను.