కొత్త డిస్కు వస్తే పాతది పోతుందా?

పిల్లలూ! ఒక కొత్త వస్తువు రాగానే పాతది మాయమవుతుందా? ఇంట్లో వీడియోలు చూసే సాధనాలను గమనిస్తే మనకు రెండు జవాబులు దొరుకుతాయి.

1976లో జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ క్యాసెట్టును తెచ్చింది. 1996లో అదే దేశంలో డీవీడీ వచ్చింది. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, టేపు వెనక్కి తిప్పే పని లేదు. కానీ డీవీడీ ప్లేయరులో క్యాసెట్టు పట్టదు. అందుకే వీసీఆర్ క్రమంగా మూలన పడింది. 2016లో జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ వాటి తయారీ ఆపేసింది.

2006లో బ్లూ-రే వచ్చింది. రెండు డిస్కుల వ్యాసమూ 12 సెంటీమీటర్లే. డీవీడీని ఎర్ర లేజరు కాంతి చదువుతుంది. బ్లూ-రేను చదివే నీలి-ఊదా కాంతికి తరంగదైర్ఘ్యం తక్కువ కాబట్టి గుర్తులు ఇంకా చిన్నవిగా, దగ్గరగా ఉండవచ్చు. అందువల్ల ఒక పొరలో డీవీడీ 4.7 గిగాబైట్లు దాచుకుంటే, బ్లూ-రే 25 దాచుకుంటుంది. అయినా డీవీడీ వెంటనే పోలేదు. బ్లూ-రే ప్లేయర్లు సాధారణంగా డీవీడీని కూడా ఆడిస్తాయి మరి!

అంటే పాతదాని ఆయువు దాన్ని ఆడించే యంత్రం చేతిలో ఉంది. సినిమా అయితే మరోచోట దొరకవచ్చు. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు, తాతయ్య గొంతు వినిపించే డిస్కు బజారులో దొరకవు. బదిలీలతో ఊళ్లు మారే మనం యంత్రం దొరికినప్పుడే వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు, డిస్కుల జాబితా రాయండి. ఒక్కొక్కదానిలో ఏముందో పెద్దలను అడిగి, దాని పక్కనే రాయండి.