మర్దన వృత్తికి ఏ శిక్షణ, ఏ పత్రము?

కళుగుమలై, కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతములలోని తెలుగు ఇండ్లలో బాలింతకు, పసిబిడ్డకు నూనె రాచి ఒళ్ళు పట్టుట పెద్దలు నేర్పిన విద్యయే. దానిని జీవనోపాధిగా స్వీకరింపదలచినవారు ఒక భేదమును ముందుగా గ్రహింపవలెను. అలసట తీర్చుట వేరు, వ్యాధికి చికిత్స చేయుట వేరు.

మొదటి పనికి స్పా థెరపిస్టు శిక్షణ చాలును. అది కొన్ని నెలలలో ముగియును. రెండవదానికి అంత సులభమార్గము లేదు. సిద్ధ వైద్యములో మర్దనను తొక్కణమందురు. 1964లో ఏర్పడిన పాళయంకోట ప్రభుత్వ సిద్ధ వైద్య కళాశాల మనకు దగ్గరే. అచ్చటి నర్సింగ్ థెరపీ డిప్లొమాకు ఈ యేటి ప్రవేశ ప్రకటన వెలువడినదేమో విచారించుడు. ఫిజియోథెరపీ పూర్తిగా వేరు చదువు, డిగ్రీ లేనిదే ఆ పేరు పెట్టుకొనరాదు.

ప్రైవేటు సంస్థలో రుసుము చెల్లించుటకు ముందు, వారిచ్చు ధ్రువపత్రమునకు 2018లో ఏర్పడిన జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి గుర్తింపు ఉన్నదో లేదో అడుగుడు. గోడకు వ్రేలాడు రంగుల పత్రములను చూచి మోసపోకుడు. పరీక్ష ఎవరు జరుపుదురు? మనుష్యులపై అభ్యాసము ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో?

ఎవరిని ముట్టరాదో నేర్పుదురా అనునది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఒక కాలిపిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పి పెట్టుచున్నచో లోపల రక్తము గడ్డకట్టి ఉండవచ్చును. దానిని పిసికినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి పంపవలెను. ఈ పాఠము లేని చోట చేరకుడు.