మగ్గం దగ్గర మంచి పనివారు

చీరాల పేరులోనే చీర ఉంది. పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఏ ఊరి వీధిలోకి వెళ్ళినా ఒకప్పుడు మగ్గం చప్పుడే. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. అయినా చప్పుడు ఆగిపోలేదు.

ఇక్కడ చాలామంది సొంతానికి నేయరు. మాస్టర్ వీవరు నూలు, జరీ ఇస్తాడు. డిజైను చెబుతాడు. నేతగాడు నేసి ఇస్తాడు. చీరకు ఇంత అని కూలి. ఒకే వీధిలో ఒకరికి ఎప్పుడూ పని ఉంటుంది. పక్కింటాయనకు ఉండీ ఉండదు. ఎందుకని?

చెయ్యి వేగం వల్ల అంటారు కొందరు. వేగం కావాల్సిందే. కానీ షావుకారు చీరను వెలుగుకు పట్టి మొదట చూసేది నేతను. పలక ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా కొడితే గుడ్డ మీద గీత కనపడుతుంది. పొద్దున కొట్టిన దెబ్బ, సాయంత్రం కొట్టిన దెబ్బ ఒకేలా ఉండాలి. గుంటలో కూర్చుని నడుము లాగుతున్నా సరే. చెప్పినంత తేలిక కాదు ఇది.

పడుగులో పోగు తెగుతుంది. తెగని పడుగు లేదు. ఒకడు చూసీ చూడనట్టు నేసుకుంటూ పోతాడు. ఇంకొకడు మగ్గం ఆపుతాడు. పోగు అతుకుతాడు. అచ్చులోంచి తీసి, సరిచూసి మళ్ళీ మొదలుపెడతాడు. ఇతనికి అయిదు నిమిషాలు పోతాయి. మొదటివాడికి చీరే పోతుంది.

నూలు రంగులో తేడా ఉంటే నేయకముందే చెప్పాలి. "ఇచ్చింది నేశాను, నాకెందుకు?" అంటే నష్టం ఇద్దరికీ. జరీ తూకం వేసి ఇస్తారు. మిగిలింది మళ్ళీ తూకానికి రావాలి. అక్కడ నమ్మకం పోతే ఎంత మంచి నేత నేసినా లాభం లేదు.

వానాకాలంలో గుంటలోకి నీరు ఊరుతుంది. గంజి పెట్టిన పడుగు ఆరదు. పని ఆగుతుంది. అది నేతగాడి తప్పు కాదు. కానీ ఆ కబురు ముందే చెప్పాలి. గడువు రోజున చెబితే షావుకారు మాత్రం ఏం చేస్తాడు?

కుప్పడం చీరకు అంచు రంగు వేరు, నడుమ రంగు వేరు. మూడు నాడెలు ఆడాలి. పక్కన సాయానికి ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరికీ లయ కుదరాలి. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు, ఆసు పోస్తారు. కండె వదులుగా ఉంటే నాడెలో నూలు చిక్కుపడుతుంది. అంటే మంచి నేతలో సగం ఆమె చేతిదే. కూలి మాత్రం పుస్తకంలో ఆయన పేరునే పడుతుంది. ఈ పద్ధతి మారాలి.

మంచి పనివాడంటే నోరెత్తనివాడు అని కొందరు యజమానులు అనుకుంటారు. అది సరికాదు. 1921లో చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టలేమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళు వదిలి వెళ్ళారు. రామనగరు అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వాళ్ళలో నేతగాళ్ళు ఎంతోమంది. పనిలో నిజాయితీగా ఉన్నవాడు లెక్క అడిగితే తప్పు పట్టడానికేమీ ఉండదు.

అడగాలంటే చదవడం రావాలి. పెళ్ళికో జబ్బుకో షావుకారు దగ్గర అప్పు తీసుకుంటారు. ప్రతి చీర కూలిలో కొంత కోస్తారు. ఎంత కోశారు, ఎంత మిగిలింది? ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. తెచ్చిన నూలు, ఇచ్చిన చీరలు, ముట్టిన కూలి, తీరిన బాకీ తేదీ వేసి రాయండి. రాసిన రోజే షావుకారు పుస్తకంతో సరిచూడండి.

ఈ లెక్క చేయండి:

ఒక నేతగాడు 4 చీరలు నేశాడు అనుకోండి. చీరకు కూలి 900 రూపాయలు. బాకీ కింద 600 రూపాయలు కోశారు. చేతికి ఎంత రావాలి?

షావుకారు పుస్తకంలో 2,700 రూపాయలు అని ఉంది. తేడా ఎంత?

ఆ తేడా గురించి షావుకారును ఏమని అడుగుతారు? రెండు మాటల్లో రాయండి.